ఖేడ్ లెక్కలు ఖేడ్ ముందు పెట్టండి

నారాయణఖేడ్ పురపాలక సంఘం చైర్‌పర్సన్ గారికి, పదిహేను వార్డుల కౌన్సిలర్ అక్కలకు, అన్నలకు,

మార్చి దగ్గర పడితే మీ ముందుకు బడ్జెట్ పుస్తకం వస్తుంది. రాబడి ఎంత, ఖర్చు ఎంత, ఏ పద్దు కింద ఎంత అని అంకెలు నింపిన ఆ పుస్తకానికి మీరు ఆమోదం చెబుతారు. ఆ తర్వాత ఏడాది పొడుగునా ఆ పైసలు ఖర్చు పెట్టే సంతకం మాత్రం కమిషనర్‌ది. ఆ కమిషనర్‌ను మీరు ఎంచుకోలేదు, మేమూ ఎంచుకోలేదు. సర్కారు పంపింది, రేపు బదిలీ చేసేదీ సర్కారే. ఇటువంటి ఏర్పాటులో ఊరి పైసల మీద ఊరికి ఎంత మాట చెల్లుతుందో అడగడానికే ఈ లేఖ. ఇది ఇప్పుడు కుర్చీల్లో ఉన్నవారికి ఎంత వర్తిస్తుందో, మీ తర్వాత వచ్చేవారికీ అంతే వర్తిస్తుంది. అందుకే కవరులో పెట్టి ఆఫీసులో ఇవ్వకుండా అందరూ చదివేలా రాస్తున్నాను.

నేను ఈ ఊరి మనిషిని. ఇంటి పన్ను, నల్లా బిల్లు కట్టేవాడిని. ఏ పార్టీ తరఫునా మాట్లాడడం లేదు.

ముందుగా ఊరి సంగతి. 1956 దాకా మన తాలూకా బీదర్ జిల్లాది. రాష్ట్రాల పునర్విభజన చట్టం జహీరాబాద్ తాలూకాను, న్యాల్‌కల్ సర్కిల్‌ను, నారాయణఖేడ్ తాలూకాను బీదర్ నుంచి విడదీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపింది. మెదక్ జిల్లాలో అరవై ఏళ్లు ఉన్నాం. 2016 అక్టోబరులో సంగారెడ్డి జిల్లా వాళ్లమయ్యాం. 2018 ఆగస్టులో గ్రామ పంచాయతీ పోయి మున్సిపాలిటీ వచ్చింది. ఇన్ని మార్పుల్లోనూ నిర్ణయం పైనుంచే వచ్చింది, మనం దానికి అలవాటు పడ్డాం. ఆ అలవాటే నన్ను భయపెడుతోంది. కమిషనర్ ఎవరు, పని ఎవరికిచ్చారు, బిల్లు ఎప్పుడు పాసైంది అన్నవి కూడా పైవాళ్ల సంగతులే అని జనం వదిలేస్తే మున్సిపాలిటీ ఉండి ఏం లాభం?

పంచాయతీ ఉన్న కాలంలో ఎన్ని లోపాలున్నా గ్రామసభ అనేది ఒకటి ఉండేది. ఓటున్న ప్రతి మనిషికీ అక్కడ లేచి నిలబడి, వచ్చిందెంత పెట్టిందెంత అని సర్పంచిని, కార్యదర్శిని అడిగే హక్కును చట్టమే ఇచ్చింది. అన్ని సభలూ పద్ధతిగా జరిగాయని నేననను. సంతకాలతోనే సభలు ముగిసిన ఊళ్లు తెలంగాణలో చాలా ఉన్నాయి. అయినా అడగాలనుకున్న మనిషికి ఒక రోజు, ఒక జాగా ఉండేవి. మున్సిపాలిటీ కాగానే గ్రామసభ పోయింది. ఉపాధి హామీ పథకం పల్లెలకే కాబట్టి అదీ పోయింది. శివార్లలో కూలి మీద బతికే కుటుంబాలకు అది చిన్న నష్టం కాదు. పన్నులు మాత్రం పెరగడమే తప్ప పోయేవి కావు.

పోయిన గ్రామసభకు బదులుగా చట్టం ఒకటి ఇచ్చింది. 2019 తెలంగాణ పురపాలక చట్టం ప్రకారం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు ఉండాలి. యువతది ఒకటి, మహిళలది ఒకటి, వయోవృద్ధులది ఒకటి, వార్డులో పేరున్న పౌరులది ఒకటి. ఒక్కో దాంట్లో 15 మంది. మన 15 వార్డులకు లెక్క కడితే 900 మంది అవుతారు. ఖేడ్ లాంటి పట్టణంలో 900 మందికి మోరీ పని ఎంతకు ఇచ్చారో, ఎన్ని మీటర్లు తవ్వారో, ఎన్ని మీటర్లకు బిల్లు పెట్టారో తెలిస్తే, ఏ అధికారికైనా తప్పు లెక్క రాయడం చాలా కష్టం. మీ వార్డులో ఈ నాలుగు కమిటీల సభ్యుల పేర్లు మీలో ఎంతమంది చూడకుండా చెప్పగలరు? ఆ కమిటీల ముందు బడ్జెట్ పెట్టి చర్చించినది ఎప్పుడు? ఈ రెండు ప్రశ్నలకూ మీరు ఊరి ముందు జవాబు చెప్పాలి.

ఇక కమిషనర్ సంగతి. ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలి, ఓపికగా చదవండి.

ఎన్నికైన సభ ఒకవైపు, సర్కారు నియమించిన కమిషనర్ ఒకవైపు ఉండే ఈ ఏర్పాటు బొంబాయి నుంచి వచ్చింది. 1865లో ఆర్థర్ క్రాఫర్డ్ బొంబాయికి మొదటి మున్సిపల్ కమిషనర్ అయ్యాడు. పని చేసే మనిషే. రోడ్లు వేయించాడు, మురుగు బాగు చేయించాడు, ఇప్పటికీ నిలిచి ఉన్న పెద్ద మార్కెట్ కట్టించాడు. కానీ ఖర్చుకు పగ్గం వేసేవాళ్లు లేరు. పన్నులు పెరిగి, అప్పులు మీదపడి, 1871 నాటికి పన్ను కట్టేవాళ్లు తిరగబడ్డారు. క్రాఫర్డ్ పదవి పోయింది. ఆ గొడవలో ఫిరోజ్‌షా మెహతా అనే యువ న్యాయవాది చెప్పిన మాట చాలామందికి నచ్చలేదు. పని చేయడానికి ఒక్క అధికారి ఉండటంలో తప్పు లేదని, అతని మీద జనం ఎన్నుకున్న సభ లేకపోవడమే అసలు తప్పని ఆయన వాదించాడు. మరుసటి ఏడాది, 1872లో, పన్ను కట్టేవాళ్లు సగం మంది సభ్యులను ఎన్నుకునే కార్పొరేషన్ వచ్చింది. 1888 చట్టంతో ఆ పద్ధతి స్థిరపడింది. దేశంలోని మున్సిపాలిటీల మీద ఆ చట్టం నీడ ఇవాళ్టికీ ఉంది.

మెహతా మాటలో మొదటి సగాన్నే మనం వంటబట్టించుకున్నాం. పని చేసే ఒక్క అధికారి ఉన్నాడు. ఆయన మీద పగ్గంలా ఉండాల్సిన సభ బలహీనంగా మిగిలింది.

అమెరికాలో దీనికి వేరే దారి పట్టారు. 1908లో వర్జీనియాలోని స్టాంటన్ అనే చిన్న పట్టణం, ఊరి పనులు చూసేందుకు ఒక ఇంజనీరును కౌన్సిల్ తరఫున జీతానికి పెట్టుకుంది. 1913లో వచ్చిన పెద్ద వరద తర్వాత ఒహాయోలోని డేటన్ నగరం అదే పద్ధతి తీసుకుంది. ఆ తర్వాత వందల ఊళ్లు తీసుకున్నాయి. సిటీ మేనేజర్ అంటారు ఆ ఉద్యోగిని. కౌన్సిల్ ప్రకటన ఇస్తుంది, దరఖాస్తులు చూస్తుంది, ఇంటర్వ్యూ చేస్తుంది, జీతం మాట్లాడుతుంది, పని నచ్చకపోతే పంపేస్తుంది. మన కౌన్సిళ్లకు ఆ అధికారం ఉంటే బాగుండును అని మొదట అనిపిస్తుంది. అయితే కాలిఫోర్నియాలోని బెల్ అనే పట్టణంలో ఏమైందో కూడా చూడాలి. జనాభా నలభై వేల లోపు, ఎక్కువమంది పేద కూలీలు. 2005లో ఊరి పాలన నియమాలు మార్చడానికి ఓటింగు పెడితే నాలుగు వందల మంది కూడా ఓటు వేయలేదు. ఆ మార్పుతో జీతాల మీద ఉన్న పరిమితి తొలగిపోయింది. 2010లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ విలేకరులు బయటపెట్టేసరికి సిటీ మేనేజర్ జీతం ఏడాదికి దాదాపు ఎనిమిది లక్షల డాలర్లు. అప్పుడప్పుడు సమావేశాలకు వచ్చే కౌన్సిలర్లు ఒక్కొక్కరు లక్ష డాలర్ల దాకా తీసుకుంటున్నారు. మేనేజర్‌కు 12 ఏళ్ల జైలు పడింది, కౌన్సిలర్లకూ శిక్షలు పడ్డాయి. అక్కడ కౌన్సిలే మేనేజర్‌ను పెట్టుకుంది. ఇద్దరూ కలిసి ఊరిని తిన్నారు. చూసే కళ్లు లేకపోవడమే దానికి కారణం.

కాబట్టి కమిషనర్‌ను మీరే నియమించుకునే అధికారం కావాలని నేను అడగడం లేదు. నాలుగు వందల మంది కూడా పట్టించుకోని ఊళ్లో ఆ అధికారం ఎవరి చేతిలో ఉన్నా ప్రమాదమే. నేనడిగేది రెండు విషయాలు. పూర్తికాలపు కమిషనర్, కొంతకాలం నిలకడగా ఉండే కమిషనర్ మనకు కావాలని మీరు గట్టిగా అడగాలి. ఆయన పెట్టే ప్రతి ఖర్చునూ ఊరి ముందు చదవాలి.

మొదటిదానికి కారణం చెబుతాను. చిన్న మున్సిపాలిటీలకు వచ్చే గ్రేడ్-3 కమిషనర్లను గ్రూప్-2 పరీక్ష ద్వారా తీసుకుంటారు. 2022 డిసెంబరులో తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఇచ్చిన గ్రూప్-2 ప్రకటనలో 783 పోస్టులుంటే, అందులో మున్సిపల్ కమిషనర్ పోస్టులు 11. రాత పరీక్ష 2024 డిసెంబరులో గానీ జరగలేదు. 2018లో ఒకేసారి అన్ని కొత్త మున్సిపాలిటీలు పుట్టించి, వాటిని నడిపే మనుషులను ఇంత నెమ్మదిగా తెస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. పక్క పట్టణం కమిషనర్‌కు ఇన్‌చార్జి ఇస్తారు, లేదా లోపలి ఉద్యోగికే బాధ్యత అప్పజెబుతారు. వచ్చినవారు వార్డుల పేర్లు నేర్చుకునేలోగా బదిలీ కాగితం వస్తుంది. ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ 2024లో 18 రాష్ట్రాల నగర పాలనపై తన పరిశీలనలను ఒకచోట చేర్చినప్పుడు, మంజూరైన ఉద్యోగాల్లో సగటున 37 శాతం ఖాళీగా ఉన్నట్టు తేలింది. పట్టణాల ఆదాయంలో సొంత రాబడి 32 శాతమేనని కూడా తేలింది. అంటే మూడింట రెండు వంతుల పైసలకు పైవాళ్ల వైపు చూడాల్సిందే, ఉన్న పైసలను ఖర్చు పెట్టే మనుషులూ సరిపోరు.

రెండో పరిపాలనా సంస్కరణల సంఘం 2007లో ఇచ్చిన నివేదికలో పట్టణానికి కార్యనిర్వాహక అధిపతిగా మేయరే ఉండాలని, కమిషనర్ తనకు అప్పగించిన పనులు చేయాలని సూచించింది. కలకత్తాలో 1980ల నుంచి మేయర్, ఆయన మండలి కలిసి నడిపే పద్ధతే ఉంది. మన దగ్గర ఆ సూచన కాగితం మీదే ఉండిపోయింది. 2019 చట్టం కలెక్టర్ల చేతికి మరింత బలం ఇచ్చింది. విధులు సరిగ్గా చేయకపోతే మీ మీద చర్య తీసుకునే అధికారం వారికి ఉంది. కమిషనర్ విధులు సరిగ్గా చేయకపోతే మీరు చేయగలిగింది మాత్రం తీర్మానం చేసి పైకి పంపడమే. ఆ తీర్మానమైనా చేయండి. కనీసం మూడేళ్ల కాలం ఉండేలా పూర్తికాలపు కమిషనర్‌ను ఇవ్వాలని, మధ్యలో బదిలీ చేస్తే కారణం రాతపూర్వకంగా కౌన్సిల్‌కు చెప్పాలని, ఏడాదికోసారి కమిషనర్ పనితీరుపై కౌన్సిల్ అభిప్రాయాన్ని నమోదు చేసుకోవాలని అడగండి. పార్టీలు పక్కన పెట్టి పదిహేను మందీ సంతకం పెట్టండి. మనలాగే మరో ఇరవై చిన్న పట్టణాలు పంపితే సచివాలయంలో ఆ ఫైలును పక్కన పెట్టడం అంత సులువు కాదు.

రెండోది పూర్తిగా మీ చేతిలో ఉంది. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

పైసలు ఎక్కడి నుంచి వస్తాయో ఊళ్లో చాలామందికి తెలియదు. ఇంటి పన్ను, ఖాళీ జాగాల పన్ను, నల్లా బిల్లులు, దుకాణాల లైసెన్సులు, తైబజార్ వేలం, ఇళ్ల అనుమతుల ఫీజులు ఇవి సొంతవి. ఆర్థిక సంఘం గ్రాంట్లు, రాష్ట్రం ఇచ్చే నిధులు పైనుంచి వచ్చేవి. 15వ ఆర్థిక సంఘం మన స్థాయి పట్టణాలకు ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలని కట్టుబాటు పెట్టింది. ఆడిట్ అయిన లెక్కలను ఆన్‌లైన్‌లో పెట్టాలని షరతు కూడా పెట్టింది. రాష్ట్ర చట్టం బడ్జెట్‌లో పదో వంతును మొక్కలకు, పచ్చదనానికి కేటాయించమంది, నాటిన వాటిలో 85 శాతం బతకాలంది. ఇదంతా కలిపి చూస్తే, నీళ్లకెంత, చెత్తకెంత, చెట్లకెంత అన్న ప్రశ్నలకు జవాబు మీ ఆఫీసు బీరువాల్లో ఇప్పటికే ఉంది. సమాచార హక్కు చట్టంలోని నాలుగో సెక్షన్ ఆ జవాబును ఎవరూ అడగకముందే బయటపెట్టమంటోంది. 2005 నుంచి అంటోంది.

చెట్ల సంగతే తీసుకోండి. మన నేలలో, మన ఎండల్లో మొక్క నాటడం కంటే మూడు వేసవులు నీళ్లు పోయడమే పెద్ద ఖర్చు. పదో వంతు పైసల్లో మొక్కలకెంత, గుంతలకెంత, ట్యాంకర్ డీజిల్‌కెంత, ఏ రోడ్డు మీద ఎన్ని బతికాయి? ఈ లెక్క వార్డువారీగా గోడ మీద రాయించగలిగితే, బతికినవి ఎన్నో చిన్నపిల్లలు సైతం లెక్కపెట్టి చెబుతారు. ఇందులో దాచాల్సింది ఏముంది?

కౌన్సిల్ సమావేశం గురించి కొంచెం కఠినంగా మాట్లాడాలి. తెలంగాణలోని చాలా మున్సిపాలిటీల్లో జరిగే తీరు ఇది, మీరు కూడా గుర్తుపడతారు. ఎజెండాలో అంశాలు చదువుతారు, ఆమోదించాం అంటారు, రాసుకుంటారు. చివర్లో టేబుల్ అంశాలు వస్తాయి. ముందుగా ఎవరికీ పంపని ఆ కాగితం సభ్యుల చేతికి అప్పుడే అందుతుంది, చదివేలోగా ఆమోదం అయిపోతుంది. అత్యవసరం పేరుతో అప్పటికే చేసేసిన ఖర్చులకు ర్యాటిఫికేషన్, అంటే తర్వాతి ఆమోదం, అడుగుతారు. పైపు పగిలిందనో, మోటారు కాలిపోయిందనో, పండగకు బ్లీచింగ్ చల్లించామనో రాస్తారు. వీటిలో నిజమైన అత్యవసరాలు ఉంటాయి, పైపు పగిలితే సమావేశం దాకా ఆగమని ఎవరూ అనరు. కానీ ఏడాదిలో ఇలా ర్యాటిఫై చేసిన మొత్తం ఎంతో ఒకసారి కూడితే, అందులో ఎంత అత్యవసరమో ఎంత అలవాటో తెలుస్తుంది. ఆ కూడిక మీరు చేయాలి. కొలతల పుస్తకం (ఎంబీ)లో రాసిన కొలతను పని జరిగిన గల్లీలో టేపు పెట్టి కొలవాలని అడిగే హక్కు మీకుంది. అది కాంట్రాక్టరు మీద కక్ష కాదు. నిజాయితీగా పని చేసిన కాంట్రాక్టరుకు బిల్లు తొందరగా పాసయ్యే దారి కూడా అదే.

మీలో సగం మంది మహిళలు. చట్టం సగం సీట్లు మహిళలకు ఇచ్చింది కాబట్టి, మీరు ఓట్లు గెలుచుకున్నారు కాబట్టి అక్కడ కూర్చున్నారు. ఇళ్లలో నీళ్లు రాకపోతే మొదట తెలిసేది మీకే. చెత్త ఆటో రాకపోతే ఆ చెత్తను పక్కన పెట్టుకుని మర్నాటి దాకా ఉండేదీ మీరే. సమావేశంలో మీ తరఫున భర్తో, కొడుకో, బావో మాట్లాడే పరిస్థితి ఉంటే దయచేసి ఇవాళే ఆపండి. తెలుగులో మాట్లాడండి, ఉర్దూలో మాట్లాడండి, కన్నడమో మరాఠీయో లంబాడీయో కలిసిన ఇంటి మాటలో మాట్లాడండి. సరిహద్దు ఊరు ఇది, అందరికీ అర్థమవుతుంది. ఎజెండా మీద అడగాల్సిన ప్రశ్నకు పెద్ద చదువు అక్కర్లేదు. ఎంత, ఎవరికి, ఎప్పటిలోగా అని అడిగితే చాలు.

ఇంకొక విషయం మరచిపోకూడదు. మున్సిపాలిటీ వచ్చాక ఖేడ్ రెండుసార్లు ప్రత్యేకాధికారి చేతికింద నడిచింది. మున్సిపాలిటీ ఏర్పడినప్పటి నుంచి 2020 జనవరి ఎన్నికల దాకా ఒకసారి. ఆ ఎన్నికల్లో వచ్చిన పాలకవర్గం గడువు 2025 జనవరి 26న ముగిశాక మరోసారి. గడువు ముగియకముందే ఎన్నికలు జరపాలని రాజ్యాంగంలోని 243-యు అధికరణం చెబుతోంది, 2006లో సుప్రీంకోర్టు కూడా కిషన్‌సింగ్ తోమర్ కేసులో గట్టిగా చెప్పింది. అయినా జరగలేదు. ప్రత్యేకాధికారులు చెడ్డవాళ్లని కాదు. అడిగే సభ లేనప్పుడు మంచి అధికారి పెట్టిన ఖర్చు కూడా ఊరికి తెలియకుండానే పోతుంది. ఆ రెండు కాలాల్లో ఏ వార్డులో ఏ పని జరిగింది, ఎంత చెల్లించారు, ఆడిట్ అభ్యంతరాలు ఏమున్నాయి అన్నది ఒక్క పుస్తకంగా కౌన్సిల్ ముందుకు తెప్పించండి. పాత పద్దులు తేలకుండా కొత్త బడ్జెట్‌లో మొదటి అంకె నిజమో కాదో మీకు కూడా తెలియదు.

పుణే నగరంలో 2006 నుంచి వార్డు ప్రజలు తమకు కావాల్సిన చిన్న పనులను రాసిస్తే బడ్జెట్‌లో చేర్చే పద్ధతి ఉంది. అక్కడా లోటుపాట్లున్నాయి, రాసిచ్చినవన్నీ జరగలేదు. కానీ మన కంటే ఎన్నో రెట్లు పెద్ద నగరం చేయగలిగినప్పుడు, పదిహేను వార్డుల ఊరు చేయలేదంటే నేను ఒప్పుకోను.

75 గజాల లోపు జాగాలో ఇల్లు కట్టుకున్న పేదవాడు 2019 పురపాలక చట్టం కింద ఏడాదికి వంద రూపాయల పన్ను కడతాడు. కూలికి పోయే ఇంట్లో వంద రూపాయలంటే ఒక పూట కూర, పప్పు. ఆ వంద ఎక్కడికి పోయిందో తెలుసుకునే హక్కు అంగడిలో నాలుగు దుకాణాలున్న షావుకారుకు ఎంత ఉందో ఆయనకూ అంతే ఉంది.

అందుకని మా విన్నపం ఇది. వచ్చే బడ్జెట్ సమావేశానికి పదిహేను రోజుల ముందే ముసాయిదాను తెలుగులోనూ ఉర్దూలోనూ మున్సిపల్ ఆఫీసు గోడకు, బస్టాండులో, ప్రతి వార్డులో ఒకచోట అంటించండి. వార్డు కమిటీలను పిలిచి చదివి వినిపించండి. సమావేశం తలుపులు తెరిచి ఉంచి, వచ్చినవారికి కూర్చోవడానికి కుర్చీలు వేయించండి. టేబుల్ అంశాలకు ఆ రోజు చోటివ్వకండి. కమిషనర్ గారిని పక్కనే కూర్చోబెట్టుకుని, గత ఏడాది పద్దుల్లో మిగిలినవి, మించినవి ఆయన నోటనే చెప్పించండి. తేదీ ఆటో మైకులో చాటించండి, మేము వస్తాం.

ఇట్లు,
నారాయణఖేడ్ పన్ను చెల్లింపుదారుడు